మింగినవాడి కడుపులోనే మకాం!

పెసల డబ్బాకి పురుగు పట్టిందనుకోండి, ఏం చేస్తాం? చాటలో పోసి చెరుగుతాం, కాసేపు ఎండలో పెడతాం. పైన పాకే పురుగులు పోతాయి. గింజ లోపల దూరి కూచున్నది మాత్రం పోదు. శుభ్రమైపోయిందని మూత పెట్టేస్తాం. నెల తిరిగేసరికి డబ్బా నిండా మళ్ళీ పురుగులే! క్షయ, అదేనండీ టీబీ, దాని సంగతీ ఇంతే. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే మా ఆడపడుచు రెండోసారి మంచం పట్టేది కాదు.

మొదటిసారి నెల్లాళ్ళు దగ్గింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి సగమైపోయింది. తెమడ పరీక్ష చేసి టీబీ అన్నారు, 6 నెలలు మందులు వాడాలన్నారు. 2 నెలలకే జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, మొహంలో కళ వచ్చింది. "ఇంకా ఈ బిళ్ళలెందుకు వదినా, ఒంటికి వేడి చేస్తున్నాయి" అంది. మూత్రం ఎర్రగా వస్తోందని అదొక భయం. (అది రిఫాంపిసిన్ అనే మందు రంగుట, రక్తం కాదు. ఆ మాట మాకప్పుడు ఎవరూ చెప్పలేదు.) నేనూ తెలివి తక్కువగా "ఒళ్ళు బాగుపడిందిగా, కొన్నాళ్ళు ఆపి చూడు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఏడాది తిరక్కుండా జబ్బు తిరగబెట్టింది. అప్పుడు చూసిన డాక్టరమ్మ కోప్పడకుండా కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. నేను ఇంటర్లో చదివిన జువాలజీ కొంత, మా అమ్మాయి పుస్తకాలు కొంత కలుపుకుంటే సంగతి బోధపడింది.

మన ఒంట్లో పుట్టుకతోనే కాపలాదార్లు ఉంటారు. భక్షక కణాలంటారు వాటిని. లోపలికొచ్చిన క్రిమి ఏ జాతిదో, ఇదివరకు చూసిందో లేదో వాటికి అక్కర్లేదు, పరాయిదైతే చాలు, పట్టుకుని మింగేస్తాయి. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనాలో ఉన్నప్పుడు, అద్దంలా కనిపించే నక్షత్రచేప పిల్లల్లో చిన్న ముల్లు గుచ్చి చూశాడు. తెల్లారేసరికి ఆ ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి! దీనికే 1908లో ఆయనకి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చిత్రమేమిటంటే, అదే 1882లో మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ టీబీ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడు. పోలీసూ దొంగా ఒకే ఏడాది దొరికారన్నమాట.

భక్షక కణం క్రిమిని మింగగానే దాని చుట్టూ చిన్న సంచి ఏర్పడుతుంది. పులుపూ జీర్ణరసాలూ ఉన్న మరో సంచి, లైసోజోము, వచ్చి దీంతో కలిసిపోతుంది. క్రిమి కరిగిపోతుంది. మామూలుగా జరగాల్సింది ఇది.

టీబీ క్రిమి తక్కువది కాదు. ఊపిరితో లోపలికి పోతుంది, మింగుతుంటే ఊరుకుంటుంది. లోపలికి వెళ్ళాక అసలు పని మొదలుపెడుతుంది. దాని ఒంటిమీద మైనం లాంటి దళసరి కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలోని కొన్ని పదార్థాలూ, అది వదిలే కొన్ని ప్రొటీన్లూ కలిసి ఆ రెండు సంచులనీ ఒకటి కానివ్వవు. పాలల్లో తోడు పడనివ్వకపోతే పెరుగెలా అవుతుంది చెప్పండి? సంచిలో పులుపు చేరదు, క్రిమి చావదు. చంపాల్సినవాడి కడుపులోనే మకాం పెట్టి పిల్లల్ని కంటుంది! నిమోనియా తెచ్చే ఒక క్రిమి అయితే బెండకాయ జిగురులాంటి తొడుగుతో అసలు చేతికే చిక్కదుట. ఇది చిక్కి మరీ మోసం చేస్తుంది.

అప్పుడు ఒళ్ళు ఇంకా కణాల్ని పిలిపించి, చుట్టూ గోడ కట్టినట్టు గడ్డ కట్టేస్తుంది. లోపల క్రిమి ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగోవంతు మందిలో ఈ క్రిమి చేరి ఉంటుందని అంచనా. వాళ్ళలో నూటికి 5 నుంచి 10 మందికే ఎప్పుడో ఒకప్పుడు జబ్బుగా బయటపడుతుంది. తిండి చాలకపోయినా, షుగరున్నా, హెచ్ఐవీ ఉన్నా, పొగ తాగినా కాపలా సడలి ముప్పు పెరుగుతుంది.

మందులు ముఖ్యంగా ఎదుగుతున్న క్రిముల్ని పడతాయి. కొన్ని రకాల క్రిములు 20 నిమిషాలకే రెట్టింపవుతాయి, దీనికి దాదాపు ఒక రోజు పడుతుంది. పైగా నిద్రపోయేవి ఉండనే ఉన్నాయి. అందుకే మామూలు టీబీకి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత 4 నెలలు మూడు రకాలు. రెండు నెలలకి పోయేది జ్వరం, చాటలో చెరిగిన పురుగులు. మధ్యలో మానేస్తే మిగిలినవి మందుకే లొంగకుండా తయారవచ్చు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా డాక్టరుకి చెప్పాలి గానీ మనంతట మనం మానకూడదు.

మా అదృష్టం కొద్దీ రెండోసారి కూడా మందులకి లొంగింది. క్యాలెండరు మీద రోజుకో గీత నేనే గీసి, బిళ్ళ నా ఎదురుగానే మింగించాను. మా అత్తగారు కంచం, గ్లాసు వేరు పెట్టారు. పాపం, ఆ పిల్ల దానికే ఎక్కువ కుమిలిపోయింది. టీబీ కంచాల వల్ల రాదండీ, దగ్గినప్పుడు గాలిలో కలిసిన తుంపర్ల వల్ల వస్తుంది. కిటికీలు తెరిచి ఉంచాలి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి.

రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించండి. సర్కారు ఆస్పత్రిలో పరీక్షా, మందులూ ఉచితం. పోషణకి 2018 నుంచి నెలకి 500 రూపాయలిచ్చేవారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ఇంట్లో ఒకరికి టీబీ అని తేలితే మిగతావాళ్ళంతా, ముఖ్యంగా అయిదేళ్ళలోపు పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలినా నిద్రపోతున్న క్రిమి లేవకుండా ముందుజాగ్రత్త మందు ఉంది, డాక్టర్ని అడగండి.