వాగు నీళ్ళకు టీ రంగు ఎందుకు?

ఇంగ్లండులో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోకి షికారు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, అక్కడి వాగుల్లో నీళ్ళు పల్చటి టీ రంగులో ఉంటాయి. "ఇదేం మురికండీ, మనం తాగేది ఈ నీళ్ళేనా?" అని నన్ను అడిగినవాళ్ళున్నారు. షెఫీల్డ్, డర్బీ వంటి ఊళ్ళలో తాగే నీళ్ళకు అవి కూడా ఒక ఆధారమే. కానీ అది మురికి కాదు. ఈవేళ ఆ రంగు సంగతి చెబుతాను.

బ్లీక్లో వంటి కొండల నెత్తిన పీట్ అనే నల్లటి నేల ఉంది. అక్కడ చలీ తడీ ఎక్కువ, నేలలోకి గాలి అందదు. అందుచేత చచ్చిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకుంటూ వచ్చాయి. వాన పడితే అందులోంచి నీరు దిగుతుంది, అచ్చం కాఫీపొడిలోంచి డికాక్షన్ దిగినట్టు. బట్టలో వడగట్టినా ఆ రంగు పోదు, ఎందుకంటే ఆ పదార్థం నీటిలో కరిగిపోయింది. కరిగిన సేంద్రియ పదార్థం అంటే ఇదే. దాని బరువులో సుమారు సగం కర్బనం.

ఇక దాని ప్రయాణం. డెర్వెంట్ నది బ్లీక్లో దగ్గర పుట్టి, హౌడెన్, డెర్వెంట్, లేడీబవర్ అనే మూడు జలాశయాలు దాటి, డర్బీ మీదుగా ట్రెంట్ నదిలో కలుస్తుంది. ట్రెంట్ హంబర్ ద్వారా సముద్రం చేరుతుంది. దారిలో బాక్టీరియా ఈ పదార్థాన్ని కొంత తినేసి బొగ్గుపులుసు వాయువుగా వదులుతాయి. ఎండ పెద్ద అణువులను విరగ్గొడుతుంది, రంగు వెలుస్తుంది. జలాశయంలో నీరు నిలిచినకొద్దీ ఈ రెండు పనులూ ఎక్కువ జరుగుతాయి. దిగువన పొలాలు, ఊళ్ళు కొత్త సరుకు కలుపుతాయి. కాబట్టి కొండ మీద బయలుదేరిన పదార్థమూ సముద్రం చేరే పదార్థమూ ఒకటి కావు.

మన కుళాయికి వచ్చేసరికి ఒక చిక్కుంది. క్లోరిన్ ఈ పదార్థంతో కలిస్తే క్లోరోఫారం వంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయని 1974లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త రూక్ చూపించారు. ఇవి ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళ్తే కాన్సరు ముప్పు ఉండవచ్చన్న అనుమానంతో, బ్రిటన్‌లో లీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదని నియమం పెట్టారు. అందుకే మన పెద్దలు పటికతో నీళ్ళు తేర్చినట్టే, ఇక్కడ కూడా అల్యూమినియం లేదా ఇనుప లవణాలు వేసి ముందు రంగును తేర్చి, తరువాత క్లోరిన్ కలుపుతారు. రంగు చిక్కబడితే ఖర్చు పెరుగుతుంది.

ఆ రంగు నిజంగానే చిక్కబడింది. ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాలలోని 522 సరస్సులు, వాగుల లెక్కలను 1990 నుంచి 2004 వరకు పరిశీలించి, 2007లో నేచర్ పత్రికలో ఒక కారణం చెప్పారు. ఫ్యాక్టరీల గంధకపు పొగ తగ్గింది, ఆమ్లవర్షం తగ్గింది. నేలలో ఆమ్లం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ పదార్థం సరిగా కరగదు, ఆమ్లం తగ్గితే బాగా కరుగుతుంది. అంటే గాలి బాగుపడితే నీటి రంగు ముదిరిందన్నమాట! ఇందులో కొంత, పొగ రాకముందున్న పాత రంగు తిరిగి రావడమే.

అయితే అదే పొగకూ, మంటలకూ, గొర్రెల మేతకూ బోడిగా మారిన పీట్ సంగతి వేరు. ఎండిన పీట్ తను దాచుకున్న కర్బనాన్ని గాలికీ నీటికీ వదిలేస్తుంది. అందుకే 2003 నుంచి బ్లీక్లో వంటి చోట్ల గండ్లకు అడ్డుకట్టలు వేసి, గడ్డి, స్ఫాగ్నమ్ నాచు నాటుతున్నారు. కుళాయి నీటి బాగోగులు కొండ నెత్తినే మొదలవుతాయి. అక్కడ నడిచేటప్పుడు నాచు తొక్కకుండా దారి వెంటే నడవండి, నిప్పు మాత్రం ముట్టించకండి.