బాతుల చెవులు – వాటి సంరక్షణ

బాతుకు చెవులున్నవా అని అడుగువారు కలరు. ఉన్నవి. పశువులకున్నట్లు పైకి దొప్పలు మాత్రము లేవు. కంటికి వెనుక, కొంచెము దిగువగా, సన్నని ఈకల క్రింద చెవి రంధ్రము దాగియుండును. పైకి కనబడనందువలననే అచ్చట పుట్టిన వ్యాధిని మనము ఆలస్యముగా గుర్తించుచున్నాము.

ఇటీవల రాజోలు ప్రాంతపు రైతొకరు పెంపుడు బాతును గంపలో పెట్టి తెచ్చి చూపిరి. దాని తల ఒక ప్రక్కకు ఒరిగియున్నది. మెడ పట్టినదని యెంచి ఇంటివారు వారము దినములు మర్దన చేసి, చెవిలో కాచిన కొబ్బరినూనె కూడ పోసిరట. ఈకలు విడదీసి చూడగా చెవిలో చీము గట్టియున్నది. పైర్ల శాస్త్రము చెప్పు నేను వైద్యము చేయజాలను గనుక పశువైద్యుని కడకు పంపితిని. బాతు బ్రతికినది గాని తల పూర్తిగా నిలువలేదు. ముందే చూచియున్నచో ఆ వంకర తప్పెడిదేమో.

తల యేల ఒరుగును?

లోపలి చెవిలో శరీరము తూలకుండ నిలుపు భాగము కలదు. వ్యాధి అంతవరకు ప్రాకినచో బాతు తల వంచును, తూలును, గుండ్రముగా తిరుగును. దీనికి మురికినీరు ఒక కారణము కావచ్చును. గౌతమీ వసిష్ఠల నడుమనున్న మన సీమలో కాలువలకు, బోదెలకు కొదువలేదు. కాని పారు నీరు వేరు, పెరటి గుంటలో మురిగిన నీరు వేరు. బాతు తల ముంచి కన్నులు, ముక్కు కడుగుకొనును. ఆ నీరే మురికియైనచో క్రిములు కన్నులకు, ముక్కునకు, చెవులకు చేరును. కావున తల మునుగునంత లోతుగల తొట్టిలో ప్రతిదినము నీరు మార్చవలెను. రాత్రి పడుకొను చోట పొడి ఊక పరచి, తడిసినప్పుడెల్ల తీసివేయవలెను.

వారమునకొకసారి పరీక్ష

సాయంకాలము బాతులను మూయునప్పుడు ఒక్కొక్కదానిని రెక్కలతో సహా రెండు చేతులతో పొదివి పట్టుకొనుడు. కాళ్లు పట్టి వ్రేలాడదీయకూడదు. రెండు చెవులను పోల్చి చూడుడు. రంధ్రము శుభ్రముగా, పొడిగా ఉన్నచో మంచిది. ఈకలు తడిసి అంటుకొనుట, వాపు, దుర్వాసన, పసుపు పక్కు, కంటిలో నురుగు, మాటిమాటికి కాలితో గోకుకొనుట వ్యాధి గుర్తులు.

అట్టి బాతును వేరుచేసి పొడిచోట ఉంచుడు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు వేసి, కాచి చల్లార్చి, మెత్తని గుడ్డతో పైభాగమును మాత్రమే తుడువుడు. లోనికి పుల్ల దూర్చకూడదు. నూనె, కిరసనాయిలు, మనుష్యుల చెవి మందు పోయకూడదు. కర్ణభేరి చిల్లుపడియున్నచో అవి లోనికి దిగి మరింత కీడు చేయును. ఆ దినమే పశువుల ఆసుపత్రికి తీసికొనిపోవుడు. మందు వాడిన పిమ్మట వైద్యుడు చెప్పిన గడువు వరకు దాని గుడ్లు తినకూడదు.

అన్నియు చెవి వ్యాధులు కావు

ఒక్క బాతు తల ఒరిగినచో చెవిని అనుమానింపవచ్చును. కొన్ని ఒకేసారి మెడలు వాల్చివేసినచో, కుళ్లిన కళేబరములున్న గుంటనీటి విషము కావచ్చును. దాళ్వా చేనిలో పురుగుమందు చల్లిన పిమ్మట వణకి పడిపోయినచో ఆ మందే కారణము కావచ్చును. చల్లిన చేలలోనికి బాతులను తోలకూడదు. బూజుపట్టిన తవుడు, వేరుసెనగ పిండి కూడ బాతులకు విషమే.

మందలో అనేకము హఠాత్తుగా చచ్చుచు, మెడలు మెలితిరుగుచున్నచో పక్షి జ్వరమేమోయని జాగ్రత్తపడుడు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లలో అది నిర్ధారణయైనది. బాతులలో ఒక్కొక్కప్పుడు ఏ లక్షణము లేకయే అది దాగియుండును. చచ్చినవానిని కోయకూడదు, తినకూడదు, కాలువలో పారవేయకూడదు. పిల్లలను దూరముగా ఉంచి, వెంటనే పశుసంవర్ధక శాఖవారికి తెలుపుడు.

రైతు సోదరులారా! బాతు తన నొప్పిని నోట చెప్పుకొనజాలదు. వారమునకొకసారి ఆ నాలుగు ఈకలు విడదీసి చూచుటకు కానీ ఖర్చులేదు.