ఆ కోపం గాయానిది
మెదడులో రక్తనాళం చిట్లిన విశ్వాసి కర్నూలు పెద్దాసుపత్రి నుంచో, కడప రిమ్స్ నుంచో ప్రాణాలతో ఇంటికొస్తే సంఘంగా కృతజ్ఞతాస్తుతులు చెల్లిస్తాం. ఆ ఇంటివారి శ్రమ అప్పుడే మొదలవుతుంది. శాంతపరుడని పేరున్న ఆయన చిన్నమాటకే అరుస్తాడు, ఊరికే ఏడుస్తాడు, నిన్నటి సంగతి మరచిపోతాడు. 'దయ్యం పట్టింది', 'విశ్వాసం సన్నగిల్లింది' అని మనలోనే కొందరంటాం. ఆ మాట ఆయన భార్యను జబ్బుకన్నా ఎక్కువగా కుంగదీస్తుంది.

కోపాన్ని అదుపుచేసేది, ఆలోచించి నిర్ణయించేది నుదుటి వెనకున్న మెదడు భాగం. అక్కడ దెబ్బతగిలితే ప్రవర్తన మారుతుంది. మొదటి 3 నుంచి 6 నెలల్లో మార్పు త్వరగా కనిపిస్తుంది. తర్వాత కూడా మెల్లగా కోలుకుంటూనే ఉంటారు.

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్రపోనిచ్చాడు. మనమూ గుంపుగా వెళ్లి గట్టిగా ప్రార్థించేబదులు ఇద్దరిద్దరం వెళ్దాం, నిదానంగా మాట్లాడదాం, జవాబు కోసం ఓపిక పడదాం. ఇలాంటి రక్తస్రావానికి ముఖ్యకారణం అదుపులేని బీపీయే గనుక మాత్రలు మానమని ఎవరం చెప్పొద్దు. వారానికొక పూట ఆయన దగ్గర మనం కూర్చుని ఆ సహోదరికి కాస్త విశ్రాంతినిద్దాం. అదీ పరిచర్యే.