యంత్రానికీ ఒక జీవన ప్రమాణ పత్రం

మన సంస్థలో పదవీ విరమణ చేసిన పెద్దలు ఏటా ఒకసారి జీవన ప్రమాణ పత్రం, అంటే లైఫ్ సర్టిఫికెట్టు, సమర్పించవలసి ఉంటుంది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, పత్రం అందకపోతే పింఛను ఆగిపోతుంది. "నేను బతికే ఉన్నాను కదా నాయనా!" అన్నంత మాత్రాన గుమాస్తా చేయగలిగింది ఏమీ ఉండదు. 2014 నవంబరులో వేలిముద్రతో కంప్యూటరు ద్వారానే ఈ పత్రం సమర్పించే సదుపాయం వచ్చిన తరువాత తిరుగుడు తగ్గింది గానీ, పత్రం అవసరం మాత్రం తీరలేదు.

కిందటి శీతాకాలంలో మా కంప్యూటరు విభాగానికి సరిగ్గా ఇటువంటి అనుభవమే ఎదురయింది. యంత్రాలన్నీ పని చేస్తూనే ఉన్నాయి. వాటి పత్రాలే సరిగా లేవు. ఆ కారణంగా ఒక కుటుంబం భవిష్యనిధి విభాగం ముందు ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. ఆ కథను దాచుకోకుండా సోదర ఉద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరు చెబితే చాలునా?

మన జీతాల పట్టికలు, భవిష్యనిధి ఖాతాలు, స్టోర్సు నిల్వలు, ఆసుపత్రి రికార్డులు వేర్వేరు సర్వర్లలో ఉంటాయి. ప్రతి రాత్రి వాటన్నిటికీ ఒక ప్రతి తీసి, కేంద్ర బ్యాకప్ సర్వరులోను, అక్కడి నుండి టేపుల మీద కూడ భద్రపరుస్తాము. ఒక్కొక్క సర్వరులో ఉండే ఏజెంటు అనే చిన్న ప్రోగ్రాము ద్వారా కేంద్ర సర్వరు ఈ పని జరిపిస్తుంది. మేము వాడుతున్న సాఫ్ట్‌వేరు పాతబడి, దానికి తయారీదారుల మద్దతు ముగియనుండడంతో కొత్త వెర్షన్‌కు మారవలసి వచ్చింది.

పాత వెర్షన్‌లో కేంద్ర సర్వరు ఎదుటి యంత్రాన్ని పేరును బట్టి, నెట్‌వర్కు చిరునామాను బట్టి గుర్తించేది. ఫోనులో "నేను ఫలానా" అంటే నమ్మి లోపలి విషయాలన్నీ చెప్పినట్లన్నమాట. ఈ రోజుల్లో అది ప్రమాదకరం. సమాచారానికి తాళం వేసి డబ్బు గుంజే దుండగులు ముందుగా వెతికేది బ్యాకప్ ప్రతుల కోసమే. అవి కూడ చేజిక్కితే బాధితులకు వేరే దారి ఉండదు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై ఇటువంటి దాడి జరిగినప్పుడు, దేశంలోనే పేరున్న ఆ వైద్యశాల పలు రోజులపాటు కాగితం, కలంతో పని నడుపుకోవలసి వచ్చింది.

అందుచేత కొత్త వెర్షన్ ప్రతి యంత్రానికి ఒక భద్రతా సర్టిఫికెట్టు ఉండాలంటుంది. మన గేటు దగ్గర చూపించే గుర్తింపు కార్డు వంటిదే ఇది. ఇందులో యంత్రం పేరు, పత్రం జారీ చేసిన వారి పేరు, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు చెల్లుతుందన్న వివరం, జారీదారుల డిజిటల్ సంతకం ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి సరిపోలకపోయినా గేటు తెరుచుకోదు.

ఎరుపు లేని నివేదిక

రెండవ శనివారం సెలవు కనుక ఆ రోజును ఎంచుకున్నాము. శుక్రవారం రాత్రి పూర్తి బ్యాకప్ తీసి, టేపులను వేరే భవనానికి పంపాము. శనివారం రాత్రి పదకొండు గంటలకు తెర మీద "విజయవంతంగా పూర్తయింది" అన్న సందేశం వచ్చింది. ఆదివారం ఉదయం నివేదికలో ఎర్ర గీత ఒక్కటి కూడ లేదు. సంతోషంగా ఒకరినొకరం అభినందించుకున్నాము.

సోమవారం ఉదయం భవిష్యనిధి విభాగంలో ఒక ఉద్యోగి డిస్కులో స్థలం ఖాళీ చేస్తూ, పొరపాటున నామినేషన్ పత్రాల ప్రతులున్న ఫోల్డరును చెరిపివేశారు. అదే ఉదయం, సర్వీసులో ఉండగా కన్నుమూసిన ఒక సహోద్యోగి భార్య, కుమారుడు క్లెయిము నిమిత్తం వచ్చి కూర్చున్నారు. వారికి కావలసిన నామినేషన్ పత్రం ఆ ఫోల్డరులోనే ఉంది.

"శుక్రవారం ప్రతి ఉంది కదా, పది నిమిషాలలో తెచ్చి ఇస్తాము" అని ధీమాగా చెప్పాము. ఇవ్వలేకపోయాము. ఆ సర్వరు గుర్తింపు నిర్ధారణ కాలేదంటూ కొత్త సాఫ్ట్‌వేరు ఫైళ్ళను అప్పగించడానికి నిరాకరించింది. లోతుగా పరిశీలిస్తే మరొక విషయం బయటపడింది. శని, ఆదివారాలలో ఆ సర్వరుకు బ్యాకప్ అసలు మొదలే కాలేదు. మొదలై విఫలమైన పనిని మాత్రమే నివేదిక ఎర్ర గీతతో చూపిస్తుంది. మొదలే కాని పనికి అందులో గీతే ఉండదు. సెలవు దినాలు కనుక కొత్త పని ఏదీ పోలేదు. అది మా ప్రతిభ కాదు, అదృష్టం మాత్రమే.

అప్పుడు మాలో ఒకరు, "ఈ ఒక్క పూటకు సర్టిఫికెట్ల తనిఖీ ఆపివేద్దాం" అన్నారు. బయట ఒక తల్లి ఎదురు చూస్తుండగా ఆ మాట మా అందరికీ సబబుగానే తోచింది. మా సీనియర్ అధికారి మాత్రం ఒప్పుకోలేదు. "గేటు దగ్గర రద్దీగా ఉందని కార్డులు చూడడం మానేస్తామా? ఈ పూట ఆపిన తనిఖీని రేపు ఎవరు గుర్తు పెట్టుకుని మళ్ళీ పెడతారు?" అన్నారు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

కారణం కోసం వెతికాము. ఆ సర్వరును అంతకు ముందు సంవత్సరం తిరిగి నిర్మించారు. పేరు పాతదే, లోపలి గుర్తింపు సంఖ్య కొత్తది. కార్డు పోగొట్టుకున్న ఉద్యోగికి అధికారి సంతకం లేకుండా రెండవ కార్డు ఇవ్వనట్లే, అదే పేరుతో రెండవ సర్టిఫికెట్టు ఇవ్వాలంటే నిర్వాహకుడు ప్రత్యేకంగా ఒక టోకెను జారీ చేయాలి. టోకెను ఇచ్చి, సర్టిఫికెట్టు పొంది, శుక్రవారం టేపు నుండి ఫోల్డరును వెనక్కి తెచ్చేసరికి మధ్యాహ్నం మూడు ముప్పావయింది. ఆ కుటుంబం క్లెయిము ఆ సాయంత్రమే స్వీకరించారు. కాని వారు ఉదయం తొమ్మిదిన్నర నుండి అక్కడే ఉన్నారన్న సంగతిని మేము మరచిపోలేదు.

గడియారం, పేరు, భాష

ఆ రాత్రే మిగిలిన సర్వర్లను ఒక్కొక్కటిగా తనిఖీ చేయగా మరి మూడు చిక్కులు కనిపించాయి.

ఆసుపత్రి సర్వరు, "ఈ సర్టిఫికెట్టు ఇంకా అమలులోకి రాలేదు" అంటున్నది. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోవడంతో, అప్‌గ్రేడ్ కోసం కరెంటు తీసి పెట్టగానే దాని గడియారం కొన్ని సంవత్సరాలు వెనక్కి పోయింది. నిన్న జారీ అయిన పత్రం దాని లెక్కలో భవిష్యత్తుకు చెందినది. కంప్యూటర్ల గడియారాలను ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలసూచికలతో అనుసంధానించాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు ఎంత అవసరమైనవో ఆ రాత్రి మాకు బోధపడింది.

జీతాల సర్వరు చిక్కు పేరుకు సంబంధించినది. బ్యాకప్ జాబితాలో దాని పొట్టి పేరు, సర్టిఫికెట్టులో పూర్తి పేరు ఉన్నాయి. మనుషులకు అవి రెండూ ఒకటే. యంత్రానికి ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే వ్యక్తి కిందే లెక్క.

స్టోర్సు సర్వరు పాతకాలపుది. రెండు యంత్రాలు రహస్యంగా మాట్లాడుకునే టి.ఎల్.ఎస్. పద్ధతిలో దానికి 1.0 వెర్షన్ మాత్రమే తెలుసు. 1.0, 1.1 వెర్షన్లను ఇక వాడరాదని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 2021 మార్చిలోనే ప్రకటించింది. కొత్త సాఫ్ట్‌వేరు 1.2 కంటె తక్కువైతే పలకదు. ఆ సర్వరు సమాచారాన్ని వేరే యంత్రంలోకి మార్చేవరకు చేతితో ప్రతులు తీశాము.

లైసెన్సు లెక్క

సర్టిఫికెట్లు దారికి వచ్చాయనుకునేసరికి లైసెన్సు గుర్తు చేసింది. కొత్త వెర్షన్ కొద్ది వారాల గడువుతో తాత్కాలిక లైసెన్సు ఇచ్చి, ఇంకా ఎన్ని రోజులున్నాయో ప్రతి ఉదయం తెర మీద చూపించసాగింది. అసలు లైసెన్సు పాత సర్వరు గుర్తింపు సంఖ్యకు ముడిపడి ఉండడంతో కొత్త సర్వరు మీద చెల్లలేదు. మార్చి ఇవ్వాలంటే నిర్వహణ ఒప్పందం అమలులో ఉండాలి. మా ఒప్పందం గడువు అంతకు ముందే ముగిసింది. ఇండెంటు పంపడంలో మేము చేసిన ఆలస్యం వల్ల పునరుద్ధరణ ఫైలు ఇంకా ప్రశ్నలు, జవాబుల దశలోనే ఉంది. సాఫ్ట్‌వేరు ఒక్క రాత్రిలో మారగలదు, ఫైలు మారలేదు.

లెక్కించే కొలత కూడ మారింది. మునుపు సర్వర్ల సంఖ్యను బట్టి, ఇప్పుడు కాపాడే సమాచారం ఎన్ని టెరాబైట్లన్న దానిని బట్టి. మొదటి నివేదికలో మా వాడకం మేము కొన్న పరిమాణానికి మించిపోయింది. అదనపు కొనుగోలుకు పూనుకొనే ముందు జాబితా పరిశీలించాము. తొలగించిన రెండు సర్వర్ల పేర్లు అందులో ఇంకా ఉన్నాయి. పరీక్షల కోసం తీసిన జీతాల డేటాబేసు నకలు లెక్కలోకి వచ్చింది. ఒకే డిస్కును రెండు సర్వర్ల ద్వారా రెండుసార్లు లెక్కించారు. ఇవి సవరించగానే వాడకం పరిమితిలోకి వచ్చింది. సంస్థకు ఖర్చు తప్పింది.

పెద్దవారికీ తప్పలేదు

గడువు తేదీ మరచిపోవడం మాకు మాత్రమే జరిగినది కాదు. 2018 డిసెంబరు 6న బ్రిటన్‌లో ఓ-టూ సంస్థ వినియోగదారుల మొబైల్ డేటా సేవలు స్తంభించాయి. అదే రోజు జపాన్‌లో సాఫ్ట్‌బ్యాంక్ సేవలకూ అంతరాయం కలిగింది. తమ సాఫ్ట్‌వేరులోని ఒక సర్టిఫికెట్టు గడువు ముగియడమే ప్రధాన కారణమని పరికరాలు సరఫరా చేసిన ఎరిక్సన్ సంస్థ ప్రకటించింది.

మున్ముందు ఈ జాగ్రత్త మరింత అవసరం. బహిరంగ వెబ్‌సైట్ల సర్టిఫికెట్ల గరిష్ఠ కాలపరిమితి 2020 సెప్టెంబరు నుండి 398 రోజులు. దీనిని 2026 మార్చి 15 నుండి 200 రోజులకు, 2027 మార్చి 15 నుండి 100 రోజులకు, 2029 మార్చి 15 నుండి 47 రోజులకు తగ్గించాలని జారీ సంస్థలు, బ్రౌజరు తయారీదారులు కలిసి 2025 ఏప్రిల్‌లో నిర్ణయించారు. సంస్థ లోపల మనమే జారీ చేసుకునే పత్రాలకు ఈ నియమం వర్తించదు గానీ, అవి కూడ ఎప్పుడో ఒకనాడు గడువు తీరేవే.

ఇప్పుడు మేము పాటిస్తున్నవి

1. ప్రతి సర్టిఫికెట్టు, ప్రతి లైసెన్సు, ప్రతి నిర్వహణ ఒప్పందం ఒకే రిజిస్టరులో ఉంటాయి. గడువు తేదీ పక్కన బాధ్యుని హోదా, ఆయన సెలవులో ఉంటే చూసేవారి హోదా రాస్తాము.

2. సర్టిఫికెట్లకు 60 రోజుల ముందు, ఒప్పందాలకు ఆరు నెలల ముందు పని మొదలుపెడతాము.

3. అప్‌గ్రేడ్‌కు ముందు ప్రతి యంత్రం గడియారం, పూర్తి పేరు, టి.ఎల్.ఎస్. వెర్షన్ సరిచూస్తాము. పాత లైసెన్సు ఫైలును, బ్యాకప్ సర్వరు సొంత సమాచారాన్ని విడిగా భద్రపరుస్తాము.

4. బ్యాకప్ సర్వరు తాళంచెవుల ప్రతిని, దానిని తెరిచే రహస్య పదాన్ని వేర్వేరు సీలు కవర్లలో బీరువాలో ఉంచుతాము. ఆ సర్వరే కాలిపోతే, ఇవి లేనిదే టేపులు ఉండీ ప్రయోజనం ఉండకపోవచ్చు.

5. నివేదికలో ఎరుపు ఉందా అని మాత్రమే చూడము. ఉండవలసిన పేర్లన్నీ ఉన్నాయా అని జాబితాతో సరిపోల్చుతాము.

6. ప్రతి సర్వరు నుండి కనీసం ఒక ఫైలును వెనక్కి తెచ్చి, తెరిచి చూసిన తరువాతనే అప్‌గ్రేడ్ పూర్తయిందని సంతకం చేస్తాము.

ఈ ఆరింటిలో చివరిదే అన్నిటికంటె ముఖ్యమైనది. ఆ శనివారం రాత్రి మరి పది నిమిషాలు కూర్చుని ఒక్క ఫైలు వెనక్కి తెచ్చి చూసి ఉంటే, సోమవారం ఆ తల్లి అంతసేపు ఎదురు చూడవలసి వచ్చేది కాదు.

మన ఇళ్ళలోనూ పిల్లల ఫొటోలు, ఇంటి పత్రాల ప్రతులు కంప్యూటర్లలో, ఫోన్లలో దాచుకుంటున్నాము. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినంగా పాటిస్తున్నారు. మన ఖాతాలు ముగించే రోజు కూడ అదే కనుక గుర్తుంచుకోవడం సులువు. ఆ రోజున దాచుకున్న వాటిలో ఒక్క ఫొటోనైనా తిరిగి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది దాచుకున్నట్లు.