జీతం అంకె ఒక్కటే చూడకండి

మా పక్కింటి అమ్మాయికి నర్సుకు సాయంగా ఉండే పని రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో దొరికింది. పట్నంలో 15,000, మా ఊళ్ళో 12,000. "దేనికి ఒప్పుకోను పిన్నిగారూ?" అంది.

పని ఎక్కడైనా ఒకటే. రోగికి ఒళ్ళు తుడవాలి, పక్క మార్చాలి, బెడ్‌పాన్ పెట్టాలి. జీతాలే వేరు. ప్రభుత్వాసుపత్రిలో పర్మనెంటు ఎఫ్.ఎన్.ఓ.కి స్కేలు, డి.ఏ. ఉంటాయి. అదే వార్డులో కాంట్రాక్టరు తరఫున చేసే ఆవిడకు అవి ఉండవు. ఏజెన్సీ ద్వారా ఇళ్ళకు వెళ్ళేవారికి కమిషను కోత. కనీస వేతనమూ రాష్ట్రానికో తీరు.

అందుకని నేను అడిగాను: "డ్యూటీ ఎన్ని గంటలే?" పట్నంలో 12, ఇక్కడ 8. నెలకు 26 రోజుల చొప్పున లెక్కేస్తే గంటకు అక్కడ దాదాపు 48 రూపాయలు, ఇక్కడ దాదాపు 58! పైగా అక్కడ గది అద్దె చేతినుంచే.

2019 వేతనాల చట్టం ప్రకారం మామూలు పనివేళ దాటితే గంటకు రెట్టింపు ఇవ్వాలి. అది అడగండి. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కడతారా అనీ అడగండి. జీతం చీటీ తీసుకోండి.

ఆ పిల్ల ఊళ్ళోనే చేరింది. మీ అమ్మాయిని పంపేముందు మీరూ ఈ లెక్క వేసి చూడండమ్మా.