ఆటగాడి మాట నమ్మి పందెం కాయవద్దు

ఇంజనీరింగ్ కళాశాలలు అధికంగా గల రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతంలో మొబైల్ ఆటల వీడియోలు చూడని విద్యార్థి అరుదు. ఆటలో మెలకువలు నేర్పిన వ్యక్తిపై యువతకు గురి ఏర్పడడం సహజం. బెట్టింగ్ సంస్థలు కొనుగోలు చేసేది ఆ గురినే. ప్రచారకర్తకు పారితోషికం ముందే ముడుతుంది. పందెంలో పోయే సొమ్ము మాత్రం చూసేవారిది.

రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2017లోనే చట్ట సవరణ ద్వారా నిషేధించడమైనది. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో ప్రచారకర్తలపై కేసులు నమోదయ్యాయి. అదే సంవత్సరం ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తిస్తూనే, డబ్బు పందెపు ఆటల ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ నిర్దేశించింది.

మోసపోయినవారు ఇంట్లో తెలుస్తుందన్న జంకుతో ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చును.