నెయ్యి చెప్పిన ఉక్కు పాఠం

మా అమ్మాయి మెటలర్జీ తీసుకుంటానన్న రోజు ఇంట్లో పెద్ద రభసే అయింది. "ఆడపిల్లకి కొలిమి చదువేంటి వదినా? శుభ్రంగా కంప్యూటర్లు చదివించక!" అని మా ఆడపడుచు కొత్తపేట నుంచి పనిగట్టుకుని వచ్చి మరీ చెప్పింది. నిజం చెప్పొద్దూ, నాకూ లోపల అలాగే ఉంది. బి.ఏ. చదివి కథలు రాసుకునే నాకు ఇనుమంటే అట్లకాడ, కత్తిపీట. అంతే!

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు "ఇంతకీ నీ ప్రాజెక్టేవిటే?" అనడిగాను. "సగం కరిగిన ఉక్కుని అచ్చులో నొక్కి వస్తువులు చెయ్యడం. దానికి ఏ ఉక్కు పనికొస్తుందో ఎంచాలి" అంది. నా మొహం చూసి నవ్వి, గడ్డకట్టిన కొబ్బరినూనె, నెయ్యి తెచ్చి ఎండలో పెట్టింది. నూనె ఇట్టే నీరైపోయింది. నెయ్యి మాత్రం చాలాసేపు పూసపూసగానే ఉంది.

"కార్బన్ తక్కువున్న ఉక్కు కొబ్బరినూనె లాంటిదమ్మా. కరగడం మొదలవడానికీ, పూర్తవడానికీ మధ్య కొద్ది డిగ్రీలే తేడా. వేడి కాస్త అటూ ఇటూ అయితే పని చెడుతుంది. కార్బన్, క్రోమియం ఎక్కువున్న టూల్ స్టీలు నెయ్యి లాంటిది. ఆ తేడా వంద డిగ్రీలు దాటుతుంది. పూస దశలో నొక్కితే చిందదు, గాలి బుడగలు తక్కువ."

1970ల మొదట్లో అమెరికాలో ఎం.ఐ.టి.లో ఈ పద్ధతికి పునాది పడిందట. అల్యూమినియంతో తేలికే గానీ, ఉక్కుకి పన్నెండు వందల డిగ్రీలు దాటాలి. ఆ వేడికి అచ్చులే పాడవుతాయి. అదీ చిక్కు.

"మరి మనవాళ్ళకి ఇదేం తెలుసు?" అన్నాను. అప్పుడు చెప్పింది, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి. అక్కడి మూసల ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారట. అందులో కార్బన్ ఎక్కువ. యూరప్ కమ్మర్లు అలవాటుకొద్దీ తెల్లగా కాల్చి కొడితే, లోపల సగం కరిగి పొడిపొడైపోయేదట! తక్కువ వేడిలో ఓపిగ్గా సాగదీయడం తెలిసినవాళ్ళకే అది లొంగేది.

అది విన్నాక నా మనసూ కరిగింది. నెయ్యి ఎప్పుడు దించాలో తెలిసిన చేతులకి ఉక్కు పరాయిదా? పిల్లలు ఎంచుకున్న చదువుని వద్దనేముందు, అదేమిటో ఒక్కసారి వాళ్ళనే అడిగి చూడండి.

ఆడపడుచు మళ్ళీ వస్తానంది. రానీండి, రెండు గిన్నెలూ సిద్ధంగా ఉంచాను!